ఊరి పొలిమేర దాటని బీరు

జర్మనీలో బవేరియా రాష్ట్రానికి ఉత్తర భాగాన, రెగ్నిట్జ్ నది ఒడ్డున బాంబెర్గ్ అనే పాత పట్టణం ఉంది. జనాభా 80 వేలకు లోపే. 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఈ పట్టణంలో అటూఇటూగా పది బ్రూవరీలు నడుస్తున్నాయి. చుట్టుపక్కల ఎగువ ఫ్రాంకోనియా పల్లెలను కూడా కలిపితే ఆ సంఖ్య నూట యాభై దాటుతుంది. జనాభా లెక్కన చూస్తే బ్రూవరీలు ఇంత దట్టంగా ఉన్న ప్రాంతం ప్రపంచంలో మరొకటి లేదని ఇక్కడివారి నమ్మకం. వీటిలో ఎక్కువ భాగం ఒకే కుటుంబం చేతిలో తరతరాలుగా ఉన్నవి. ముందు గదిలో భోజనం బల్లలు, పెరటి వైపు బీరు కాచే రాగి పాత్రలు, కింద నేలమాళిగలో పీపాలు. కాచిన బీరులో పెద్ద వాటా ఆ ఇంట్లోనో, ఆ చుట్టుపక్కల ఊళ్లలోనో ఖర్చయిపోతుంది. చాలా బీర్లు సీసాల్లో దూరదేశాలకు పోవు. అందుకే వాటిని రుచి చూడాలనుకున్నవారే అక్కడిదాకా ప్రయాణం కట్టాలి. బ్రూవరీ యాత్ర అనే అలవాటు ఫ్రాంకోనియాలో సరదాగా మొదలైంది కాదు, బీరు స్వభావమే దాన్ని తప్పనిసరి చేసింది.

ఇన్ని చిన్న బ్రూవరీలు మిగలడానికి కారణాలు చరిత్రలోనే ఉన్నాయి. ఫ్రాంకోనియా 19వ శతాబ్దం ఆరంభం దాకా బవేరియాలో భాగం కాదు. బిషప్పుల ఏలుబడి, స్వతంత్ర నగరాలు, చిన్నచిన్న జమీలుగా ముక్కలై ఉండేది. ఎవరి హద్దులో వారు బీరు కాచే హక్కులు పంచారు, ఎవరి పన్ను వారు వసూలు చేసుకున్నారు. బీరులో ఏమేం వేయవచ్చో చెప్పే నియమం కూడా ఎవరిది వారిదే. నీళ్లు, బార్లీ, చేదునిచ్చే హాప్స్ పువ్వులు తప్ప మరేవీ వాడకూడదని బవేరియా పాలకులు ఇంగోల్‌స్టాట్‌లో 1516లో ప్రకటించిన శుద్ధి శాసనం పేరు లోకమంతా తెలుసు. అటువంటి ఆజ్ఞనే బాంబెర్గ్ బిషప్పు 1489లో జారీ చేశాడు. ఈ సంగతి పట్టణవాసులు అడగకుండానే చెబుతారు, ఆ గర్వానికి అర్థముంది. ఇంకో కారణం కొంచెం పొడిగా ఉన్నా బలమైనది: జర్మనీలో బీరు పన్ను చిన్న బ్రూవరీలకు తక్కువ రేటున పడుతుంది. దానికి తోడు పల్లెల్లో బ్రూవరీ ఒక్కటే జీవనాధారం కాదు. అదే కుటుంబానికి పొలం, భోజనశాల, కొన్నిచోట్ల మాంసం దుకాణం కూడా ఉంటాయి. ఒకదాని నష్టాన్ని ఇంకొకటి భరిస్తుంది.

బాంబెర్గ్‌కు పేరు తెచ్చింది పొగ బీరు. దాని సంగతి మాల్ట్ దగ్గర మొదలవుతుంది. రాగి మాల్ట్ కోసం రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టినట్టే బీరు కోసం బార్లీని కూడా నానబెట్టి మొలక రప్పిస్తారు. మొలకతో గింజలో ఎంజైములు మేల్కొంటాయి. పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే పని తర్వాత వాటిదే. మొలక ఇంకా పెరిగితే గింజలోని సారమంతా మొక్కకే పోతుంది కనుక సరైన సమయంలో వేడి తగిలించి ఆపేయాలి. ఒకప్పుడు ఆ వేడికి కట్టెల మంట లేదంటే ఎండ, ఈ రెండే దారులు. చలి ప్రాంతాల్లో ఎండను నమ్ముకోలేరు. మంట మీద ఆరిన మాల్ట్‌కు పొగ పట్టకుండా ఉండదు. అంటే ఆ కాలంలో ఉత్తర ఐరోపాలో చాలా బీర్లు ఎంతో కొంత పొగ వాసన వేసినవే. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో పొగ రాని కోక్ బొగ్గు వాడకం మొదలైంది. తర్వాత మంటను గింజకు తగలనీయకుండా వేడిగాలి మాత్రమే పంపే బట్టీలు వచ్చాయి. పొగ లేని మాల్ట్ చవకగా, ఒకే తీరుగా తయారవడంతో పాత పద్ధతి ఒక్కో ఊళ్లో ఆగిపోయింది.

బాంబెర్గ్‌లో రెండు బ్రూవరీలు మాత్రం దాన్ని వదల్లేదు. అవి ష్లెంకెర్లా, ష్పెట్సియాల్. రెండింటికీ సొంత మాల్ట్ బట్టీలున్నాయి, రెండూ ఇప్పటికీ ఎక్కువగా బీచ్ చెట్టు కట్టెలతోనే మాల్ట్ ఆరబెడతాయి. కట్టె బాగా ఎండినదై ఉండాలి. పచ్చి కట్టె పొగలో చేదు, మసి వాసన ఎక్కువ. మండేటప్పుడు కట్టెలోని లిగ్నిన్ విడిపోయి ఫీనాల్ జాతి పదార్థాలు పుడతాయి. తడిగా ఉన్న మొలక గింజలు వాటిని పీల్చుకుంటాయి. పొగ బీరు రుచి అంతా మాల్ట్ ఆరబెట్టే వేళలోనే నిర్ణయమైపోతుంది. బీరులో పొగను విడిగా కలిపేది ఎక్కడా ఉండదు.

ష్లెంకెర్లా భోజనశాల పాత పట్టణంలో, కెథెడ్రల్ కొండ దిగువన సన్నటి వీధిలో ఉంది. ఆ ఇంటి ప్రస్తావన 1405 నాటి పత్రంలో కనిపిస్తుంది. బ్రూవరీ మాత్రం అక్కడ లేదు. కాస్త ఎత్తులో ష్టెఫాన్స్‌బెర్గ్ కొండ మీద, రాతిలో తొలిచిన పాత నేలమాళిగల పైన ఉంది. భోజనశాలలో నల్లబడిన కలప దూలాలు, పొడవాటి బల్లలు. బల్ల మీది పీపాకు ఇత్తడి కుళాయి కొట్టి ఉంటుంది. గ్యాసు ఒత్తిడి ఏమీ వాడకుండా బీరు తన బరువుతోనే గ్లాసులోకి దిగుతుంది. ముఖ్యమైన బీరు పేరు మేర్ట్సెన్. ఆల్కహాలు 5.1 శాతం. రంగు దాదాపు నలుపు, దీపం ముందు పట్టుకుంటే ఎరుపు తొంగిచూస్తుంది.

మొదటి గుక్కకు చాలామంది ముఖం చిట్లిస్తారు. పొగబెట్టిన మాంసం వాసన ముందుగా ముక్కుకు తగులుతుంది, నాలుక అది బీరని ఒప్పుకోదు. మొదటి గ్లాసుతో నిర్ణయానికి రావద్దని, కనీసం మూడోది దాకా ఆగమని ఊరివాళ్ల సలహా. దాన్ని బేరం పెంచుకునే మాటగా కొట్టిపారేయనక్కర్లేదు. ఒకే వాసన కాసేపు ఎదురుగా ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం తగ్గిస్తుంది. పొగ వెనక్కి తగ్గాక మాల్ట్‌లోని తీపి, రొట్టె అంచు మాడిన రుచి, చివర్లో హాప్స్ చేదు ఒక్కొక్కటే బయటపడతాయి. మూడు గ్లాసులు తాగలేనివారు ఒక్కదాన్నే గంటసేపు నెమ్మదిగా తాగినా ఈ మార్పు తెలుస్తుంది. నిజానికి అదే మంచి పద్ధతి. ఇదే బ్రూవరీ పొగ మాల్ట్ వేయకుండా ఒక లేత లాగర్ కూడా కాస్తుంది. అవే పాత్రల్లో, అదే ఈస్ట్‌తో తయారవడం వల్ల దానిలోనూ సన్నటి పొగ ఛాయ తెలిసీ తెలియనట్టు ఉంటుంది. పక్కపక్కన పెట్టుకుని చూసినవారికి ఒక బ్రూవరీ గోడలు, గొట్టాలు కూడా బీరు రుచిలో భాగమేనని అర్థమవుతుంది.

ష్పెట్సియాల్ రైల్వే స్టేషను వైపు వీధిలో 1536 నుంచి ఉంది. దాని పొగ బీరు రంగులో లేతది, పొగ కూడా మృదువు. ష్లెంకెర్లాకు ముందు ఇక్కడికి వస్తే కొత్తవారికి దారి తేలికవుతుంది. యాత్రికులు ష్లెంకెర్లా ఒక్కటే చూసి పొగ బీరంటే అంతే అనుకుని వెళ్లిపోవడం విచారించాల్సిన విషయం. రోజువారీ భోజనంతో తాగదగ్గ బీరు ష్పెట్సియాల్‌దే. ఈ రెండు బ్రూవరీల పాత పద్ధతిని స్లో ఫుడ్ ఉద్యమం, కాపాడుకోవలసిన ఆహారాల జాబితాలో చేర్చింది. ష్పెట్సియాల్ ఎదురుగానే 1649 నాటి ఫెస్లా ఉంది. రెండింట్లోనూ బసకు గదులు దొరుకుతాయి. ఒక వీధికి అటొకటి ఇటొకటి ఉన్న బ్రూవరీలు శతాబ్దాలుగా ఒకదాన్నొకటి మింగేయకుండా బతికాయంటే, రెండింటి బీరూ ఒకలాంటిది కాకపోవడమే కారణం.

వుండెర్‌బుర్గ్ పేటలో ఉన్న మార్స్ బ్రోయ్ 1670 నాటిది. అక్కడ పీపా బిరడా బిగించకుండా పులియబెట్టిన బీరు ప్రసిద్ధి. బిరడా వదులుగా ఉంటే పులిసేటప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ చాలావరకు బయటికి పోతుంది. బుడగలు తక్కువగా, వడకట్టకుండా, కొంచెం మబ్బుగా ఉన్న బీరు పింగాణీ మగ్గులో వస్తుంది. దాని జర్మన్ పేరులోని మొదటి అక్షరం పట్టుకుని ‘ఒక ఊ’ అంటే చాలు, వడ్డించేవారికి తెలుస్తుంది. నురగ, చురుకు కోరుకునేవారికి ఇది చప్పగా తోచవచ్చు. కానీ గ్యాసు కప్పేయని మాల్ట్ రుచి ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఇక నేలమాళిగలు. లాగర్ జాతి ఈస్ట్ చలిలోనే సరిగా పనిచేస్తుంది. పులిసిన బీరు వారాల తరబడి సున్నా డిగ్రీలకు దగ్గరగా నిలవ ఉండాలి. వేసవిలో కాచిన బీరు చెడిపోతోందని, నిప్పు ప్రమాదం కూడా ఎక్కువని బవేరియాలో 1553 నుంచి సెప్టెంబర్ 29 మొదలు ఏప్రిల్ 23 దాకా మాత్రమే బీరు కాచాలన్న కట్టుబాటు పెట్టారు. అది 1850 దాకా నడిచింది. వసంతం చివర కాచిన బీరును ఎండాకాలమంతా దాచడానికి కొండ వాలుల్లో సొరంగాలు తొలిచారు, చెరువుల నుంచి కోసి తెచ్చిన మంచు గడ్డలు నింపారు, పైన నీడ కోసం చెస్ట్‌నట్ చెట్లు నాటారు. వేర్లు లోతుకు పోని చెట్టు, వెడల్పాటి ఆకులు, అందుకే దాన్ని ఎంచుకున్నారు. జనం చల్లని బీరు కోసం ఆ చెట్ల కిందికే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. పట్టణంలోని భోజనశాలల యజమానులు గొడవ చేస్తే 1812లో రాజు మ్యూనిక్ విషయంలో మధ్యేమార్గం చూపాడు: నేలమాళిగల దగ్గర బ్రూవరీలు బీరు, రొట్టె అమ్మవచ్చు, ఇతర భోజనం అమ్మకూడదు. తినేది ఇంటినుంచి తెచ్చుకునే అలవాటు అలా పాతుకుపోయింది. చాలా తోటల్లో ఇప్పటికీ డబ్బా విప్పుకుని తినవచ్చు, బీరు మాత్రం అక్కడే కొనాలి. కార్ల్ ఫాన్ లిండె శీతల యంత్రాలు 1870లలో మ్యూనిక్ బ్రూవరీల్లోకి వచ్చాక సొరంగాల అవసరం తీరిపోయింది. తోటలు మాత్రం అలాగే ఉన్నాయి.

బాంబెర్గ్‌లో ష్పెట్సియాల్ వారి తోట ష్టెఫాన్స్‌బెర్గ్ మీద ఉంది. అక్కడినుంచి పట్టణం గోపురాలన్నీ కనిపిస్తాయి. ఈ తోటల అసలు వైభవం చూడాలంటే న్యూరెంబర్గ్‌కు వెళ్లే రైలు దారిలోనే ఉన్న ఫోర్ష్‌హైమ్‌లో దిగాలి. అక్కడి అడవి కొండ నిండా నేలమాళిగలు, వాటి పైన బల్లలు. 1840 నుంచి ఏటా జూలై చివర్లో ఆ చెట్ల కింద సెయింట్ అన్నా తిరునాళ్లు జరుగుతాయి.

పల్లెల్లో బ్రూవరీ యాత్ర నడకతోనే అందం. ఆవ్‌సెస్ అనే చిన్న పంచాయతీలో పదిహేను వందల లోపు జనానికి నాలుగు బ్రూవరీలున్నాయి. జనాభాకు బ్రూవరీల లెక్కన గిన్నిస్ రికార్డు దానిదే. నాలుగింటినీ కలిపే కాలిబాట సుమారు 14 కిలోమీటర్లు. పొలాలు, బీచ్ అడవుల గుండా సాగుతుంది. ఒక్కోచోట ఒక ముద్ర వేయించుకుని చివరకు యోగ్యతాపత్రం తీసుకునే ఆనవాయితీ కూడా ఉంది. హెక్కెన్‌హోఫ్‌లోని కాతీ బ్రోయ్ ముందు ఆదివారాలు వరుసగా మోటార్ సైకిళ్లు ఆగి ఉంటాయి. ఈ బాటలో ముద్రల కోసం పరుగుపెట్టేవారికంటే రెండు చోట్ల ఆగి, మిగతా రెండింటిని ఇంకోసారికి వదిలేసినవారికే ఎక్కువ దక్కుతుంది. నాలుక మూడో బ్రూవరీకే అలసిపోతుంది. నాలుగోదాని బీరు ఎంత మంచిదైనా దానికి న్యాయం జరగదు.

తూర్పుగా చెక్ సరిహద్దు వైపు వెళితే ఎగువ పాలటినేట్ వస్తుంది. అక్కడ అయిదు ఊళ్లలో త్సోయ్‌గెల్ అనే పద్ధతి మిగిలి ఉంది. ఊళ్ల పేర్లు ఎస్లార్న్, ఫాల్కెన్‌బెర్గ్, మిట్టెర్‌టైహ్, నాయ్‌హౌస్, విండిషెషెన్‌బాహ్. ఇది బ్రూవరీ యాత్రల్లో అన్నిటికంటే లోతైనది. ఎందుకంటే ఇక్కడ బ్రూవరీ ఏ ఒక్క యజమానిదీ కాదు. బీరు కాచే ఇల్లు ఊరందరిది. కొన్ని ఇళ్లకు శతాబ్దాల క్రితం పాలకులిచ్చిన హక్కు ఆ స్థలంతో పాటే తరం నుంచి తరానికి వస్తోంది. నాయ్‌హౌస్‌కు ఆ హక్కు 1415లో దక్కింది.

హక్కున్న ఇంటివారు తమ వంతు రోజున మాల్ట్, హాప్స్ తీసుకుని ఉమ్మడి బ్రూవరీకి వస్తారు. పెద్ద పాత్ర కింద కట్టెల మంట పెడతారు. మాల్ట్ నుంచి దిగిన తీపి రసాన్ని హాప్స్‌తో మరిగించి, పై అంతస్తులోని లోతు తక్కువ తొట్టెలో రాత్రంతా చల్లారనిస్తారు. పొద్దున్నే ట్యాంకులో నింపి ఇంటికి తీసుకెళతారు. ఉమ్మడి పని అక్కడితో సరి, ఊరికి కట్టాల్సింది కాచిన పాత్రకు రుసుం. ఈస్ట్ వేయడం, పులియబెట్టడం, వారాల తరబడి చల్లగా ఉంచడం అంతా ఎవరి నేలమాళిగలో వారిదే. ఒకే పాత్రలో కాచిన రసం రెండు ఇళ్లలో రెండు రుచుల బీరవుతుంది. నేలమాళిగ చలి, ఈస్ట్, ఇంటివారి ఓపిక ఆ తేడా తెస్తాయి. ఈ బీరును వడకట్టరు.

బీరు సిద్ధమైన ఇల్లు కొద్ది రోజులు వాకిలి తీసి ఉంచుతుంది. గోడకు కట్టిన కర్రకు ఆరు కొమ్ముల నక్షత్రం వేలాడుతుంది. అది కనిపిస్తే లోపల బీరుందని గుర్తు. ఆ రెండు త్రికోణాల్లో ఒకటి నిప్పు, నీరు, గాలికి, మరొకటి నీళ్లు, మాల్ట్, హాప్స్‌కు సంకేతమని చెప్పుకుంటారు. ఈస్ట్‌కు అందులో చోటు లేదు, 1516 శాసనంలోనూ లేదు. పులియడం వెనక జీవకణం ఉందని లూయీ పాశ్చర్ పరిశోధనలతో తేటతెల్లమవడానికి 19వ శతాబ్దం రావాల్సి వచ్చింది. అందుకు శతాబ్దాల ముందు నుంచీ ఆ ఇళ్ల ఆడవాళ్లూ మగవాళ్లూ పాత పీపా అడుగు మడ్డిని కొత్తదానిలోకి జాగ్రత్తగా మోసుకొచ్చారు. పేరు తెలియని దాన్ని అంత శ్రద్ధగా కాపాడినవారి నైపుణ్యానికి నమస్కరించాలి.

లోపల కూర్చునేది ఒకప్పటి పశువుల కొట్టమో, ఇంటి ముందు గదో. బల్ల దగ్గర ఖాళీ కనిపిస్తే అపరిచితుల పక్కనే కూర్చోవాలి, అడిగి కూర్చుంటే చాలు. ఇంటివారే చేసిన సాసేజ్‌లు, జున్ను, రొట్టె దొరుకుతాయి. వంతులు ముందే నిర్ణయించి క్యాలెండరుగా ప్రకటిస్తారు. దాన్ని చూడకుండా వెళ్లినవారికి మూసిన వాకిళ్లే ఎదురవుతాయి. నాయ్‌హౌస్‌లోని షాఫెర్‌హోఫ్ వంటి ఇళ్లు ఈ ఆనవాయితీకి బాగా పేరు తెచ్చాయి. 2018లో జర్మనీ తన అమూర్త వారసత్వ జాబితాలో త్సోయ్‌గెల్‌ను చేర్చింది.

హైదరాబాద్, బెంగళూరు బ్రూపబ్‌లలో గోధుమ బీరుకు అలవాటుపడిన తెలుగువారు బవేరియాకు వచ్చి, ఆ రుచి మూలాన్ని వెతకడం సహజం. అరటిపండు, లవంగం వాసన వేసే ఆ బీరు నిజంగా బవేరియాదే, ఆ వాసన ఒక రకం ఈస్ట్ నుంచి వస్తుంది. కానీ దాని అసలు రాజ్యం దక్షిణాన మ్యూనిక్ వైపు. ఫ్రాంకోనియాలో రోజువారీ బీరు బార్లీ లాగరే. న్యూరెంబర్గ్, ఎర్లాంగెన్‌లలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారికి బాంబెర్గ్ రైల్లో గంట లోపే. అయిదుగురి దాకా కలిసి వాడుకోగల బవేరియా టికెట్ ఉంది, సెలవు రోజుల్లో పొద్దుటి నుంచే చెల్లుతుంది. తాగినవారు కారు నడపకూడదన్న మాట ఇక్కడ ఇంకా గట్టిగా చెప్పాలి. పల్లె బస్సులు సాయంత్రం తొందరగా ఆగిపోతాయి కనుక తిరుగు బస్సు వేళ చూసుకున్నాకే మొదటి గ్లాసు అడగాలి.

మర్యాదలు కొన్ని ఉన్నాయి. ఊరి పెద్దమనుషులు ఏళ్లుగా కూర్చునే బల్ల మీద గుర్తు ఉంటుంది, అక్కడ కొత్తవారు కూర్చోరు. అర లీటరు కొలతను ఫ్రాంకోనియా యాసలో జైడ్లా అంటారు. ఎన్ని తాగారో గ్లాసు కింది అట్ట మీద పెన్సిలు గీతలతో లెక్క రాస్తారు. ఆ అట్టే బిల్లు, దాన్ని పారేయకూడదు. తిండి విషయంలో పంది భుజం మాంసం కాల్చిన షాయ్‌ఫెర్లా ఇక్కడి గొప్ప. శాకాహారులకు జున్ను, వెన్న, మిరపపొడి కలిపిన ఓబాట్స్‌డా, రొట్టె, బంగాళాదుంప ఉండలు దొరుకుతాయి, అంతకుమించి ఆశించకూడదు. బాంబెర్గ్ ఉల్లిగడ్డ కూర అని పట్టికలో చూసి శాకాహారం అనుకోవద్దు. లోపల కూరేది మాంసమే.

బీరు గురించి తెలుసుకోవాలని వెళ్లినవారు బాంబెర్గ్‌లో 1879 నుంచి నడుస్తున్న వైయర్‌మాన్ మాల్ట్ కర్మాగారాన్ని కూడా చూడాలి. ఎర్ర ఇటుకల ఆ భవనాల నుంచి ప్రపంచంలో 135కు పైగా దేశాలకు మాల్ట్ వెళుతుంది. పట్టణం బీరు చాలావరకు గడప దాటకపోయినా పట్టణం మాల్ట్ మాత్రం లోకమంతా తిరుగుతోంది.

వెళ్లే కాలాన్ని బట్టి గ్లాసులోది మారుతుంది. మే నుంచి సెప్టెంబర్ దాకా తోటలు తెరిచి ఉంటాయి, వాన పడితే మూసేస్తారు. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఒక్కో బ్రూవరీ తన బాక్ బీరు పీపాకు కుళాయి కొట్టే రోజు ప్రకటిస్తుంది. ఇవి మామూలు బీరు కంటే ఘాటైనవి, ష్లెంకెర్లా పొగ బాక్ 6.5 శాతం. క్రిస్మస్ ముందు అదే బ్రూవరీ ఓక్ కట్టెల పొగతో ఆరబెట్టిన మాల్ట్‌తో 8 శాతం బీరు తెస్తుంది. బీచ్ పొగ కంటే ఓక్ పొగ మెత్తగా ఉంటుంది. ఈస్టర్ ముందరి ఉపవాస దినాల్లో మరో రకం వస్తుంది. త్సోయ్‌గెల్ ఊళ్లలో వంతుల క్యాలెండరు ఏడాది పొడవునా నడుస్తుంది.